మోటర్‌హోమ్ వెనక కట్టిన కారుకు విడిగా బ్రేకులు కావాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. ఈమధ్యే 2016 మోడల్ క్లాస్ సీ మోటర్‌హోమ్ (వ్యాన్ ఛాసిస్ మీద ఇల్లులా కట్టిన ఆర్‌వీ) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఫోర్డ్ ఈ-450 ఛాసిస్, 31 అడుగుల బండి. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని అమరిల్లో, రేటన్ మీదుగా కొలరాడో వెళ్లి, గ్రేట్ శాండ్ డ్యూన్స్ చూసుకుని డురాంగో దాకా పోవాలని అనుకుంటున్నాం. మా 2019 జీప్ రాంగ్లర్‌ని (నాలుగు డోర్లు, 3.6 లీటర్ పెట్రోల్ ఇంజిన్, ఆటోమేటిక్) వెనక టో బార్‌తో (కారును బండికి కలిపే ఇనుప కడ్డీ) కట్టుకుని, దాని నాలుగు చక్రాల మీదే లాక్కెళ్తాం. టో బార్, జీప్ ముందు భాగంలో అది తగిలే బేస్ ప్లేట్ బిగించడం అయిపోయింది. షాపువాళ్లు జీప్‌కి సప్లిమెంటల్ బ్రేక్ (లాక్కెళ్లేటప్పుడు జీప్ బ్రేకుల్ని వేసే పరికరం) కూడా పెట్టించుకోమంటున్నారు. చాలా ఏళ్లుగా ఆర్‌వీ నడుపుతున్న మా బావగారేమో, ‘ఆరున్నర టన్నుల బండికి జీప్ ఒక లెక్కా? టెక్సస్‌లో 4,500 పౌండ్ల లోపు అయితే బ్రేకులు అక్కర్లేదు’ అంటున్నారు. నిజంగా అవసరమా, లేక అమ్ముకోవడానికి చెబుతున్నారా?

సమాధానం: అవసరమే. ఈ ప్రయాణానికి మరీ అవసరం. షాపువాళ్లు ఇంకేవైనా అనవసరమైనవి అంటగడితే వద్దనండి కానీ, దీన్ని మాత్రం వద్దనకండి.

మీ బావగారు చెప్పిన 4,500 అంకె తప్పేమీ కాదు. టెక్సస్ చట్టం అంతకు మించిన బరువున్న ట్రైలర్లకే బ్రేకులు ఉండాలంటుంది. మీ రాంగ్లర్ సామాను లేకుండా 4,200 పౌండ్లకు అటూ ఇటూగా ఉంటుంది, కాస్త సామాను పడితే 4,400. కాబట్టి ఫ్రిస్కో నుంచి టెక్సస్ సరిహద్దు దాకా మీరు ఆ గీత లోపలే ఉంటారు. కానీ క్లేటన్ దగ్గర న్యూ మెక్సికోలోకి అడుగుపెట్టగానే ఆ గీత 3,000 పౌండ్లకు దిగిపోతుంది. కొలరాడోలోనూ అంతే. పైగా కొలరాడో చట్టం ఇంకో రెండు మాటలు చేరుస్తుంది: ఆ బ్రేకుల్ని లాగే బండి డ్రైవర్ తన సీట్లోంచే వేయగలగాలి, వెనకది తెగిపోతే అవి వాటంతటవే పడాలి. ఈ చట్టాలు ట్రైలర్ గురించి రాసినవి, టో బార్‌తో కట్టిన కారు దాని కిందికి వస్తుందా రాదా అని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదన ప్రమాదం జరిగాక అవతలివాళ్ల లాయరుతో చేయాల్సి వస్తుంది. అప్పుడు అది మీకు పనికొచ్చే వాదన కాదు.

అసలు చట్టాన్ని పక్కన పెట్టి మీ మోటర్‌హోమ్ డ్రైవర్ డోరు తీసి అక్కడి స్టిక్కర్ చూడండి. జీవీడబ్ల్యూఆర్ అని 14,500 పౌండ్లు రాసి ఉంటుంది. అంటే బండి, నీళ్లు, సామాను, మనుషులు అన్నీ కలిపి మోయగల గరిష్ఠ బరువు. వెనక కట్టినదానితో కలిపి లెక్కేసే బరువు, జీసీడబ్ల్యూఆర్, 22,000. చాలామంది ఈ రెండో అంకె చూసి, ఇంకా 7,500 పౌండ్లు లాగొచ్చు కదా అని ధైర్యపడతారు. ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్ అంత లాగుతాయి. బ్రేకులు మాత్రం అలా కాదు. ఫోర్డ్ తన టోయింగ్ గైడ్‌లో స్పష్టంగా రాసింది: లాగే బండి బ్రేకులు జీవీడబ్ల్యూఆర్‌కి సరిపడా చేసినవి, జీసీడబ్ల్యూఆర్‌కి కాదు, రెంటి బరువూ కలిపి జీవీడబ్ల్యూఆర్ దాటితే వెనకదానికి విడిగా పనిచేసే బ్రేకులు ఉండాలి. 31 అడుగుల క్లాస్ సీ బండిలో నీళ్ల ట్యాంకు నింపి, ఇంటిల్లిపాదీ ఎక్కితే దాదాపు 14,500 అక్కడికక్కడే అయిపోతుంది. ఆపైన జీప్‌లోని ప్రతి పౌండూ బ్రేకులకు లెక్కలో లేని బరువే.

అది రోడ్డు మీద ఎలా తెలుస్తుందో చూద్దాం. గంటకు 60 మైళ్ల వేగంలో, పొడి రోడ్డు మీద, మీ మోటర్‌హోమ్ ఒక్కటే అయితే గట్టిగా బ్రేక్ వేశాక సుమారు 200 అడుగుల్లో ఆగుతుందనుకుందాం. వెనక 4,400 పౌండ్లు చేరితే మొత్తం బరువు 30 శాతం పెరిగి 18,900 అవుతుంది. ఆపే శక్తి మాత్రం పెరగలేదు, ఎందుకంటే జీప్ టైర్లు ఊరికే దొర్లుతున్నాయి. కాబట్టి ఆగడానికి 260 అడుగులు పడుతుంది. 60 అడుగులే కదా అనిపిస్తుంది. కానీ మొదటి లెక్క ప్రకారం బండి ఆగిపోవాల్సిన చోట, ఆ 200వ అడుగు దగ్గర, మీరు ఇంకా గంటకు 29 మైళ్ల వేగంతో వెళ్తుంటారు. ముందున్న కారును రాసుకుంటూ ఆగడానికీ దాని డిక్కీలోకి దూసుకుపోవడానికీ మధ్య తేడా అదే.

ఆ బ్రేకింగ్ జరుగుతున్నంతసేపూ జీప్ టో బార్ మీదుగా మీ బండి వెనక భాగాన్ని దాదాపు 2,000 పౌండ్ల బలంతో ముందుకు తోస్తూ ఉంటుంది. మలుపులు లేని రోడ్డులో అయితే అది తిన్నగా తోస్తుంది. మలుపులో అయితే వెనక భాగాన్ని పక్కకు తోస్తుంది. వాన పడ్డ రోడ్డు, మలుపు, హఠాత్తుగా బ్రేక్, ఈ మూడూ కలిసినప్పుడు మోటర్‌హోమ్ వెనక చక్రాలు జారడానికి ఇదే కారణం. పనిలో పనిగా ఒకటి చూసుకోండి: సమతలం మీద నిలిపినప్పుడు టో బార్ దాదాపు నేలకు సమాంతరంగా ఉండాలి. మోటర్‌హోమ్ హిచ్‌కీ (వెనక టో బార్ తగిలించే చోటు) జీప్ బేస్ ప్లేట్‌కీ ఎత్తులో మూడు నాలుగు అంగుళాలకు మించి తేడా ఉంటే ఆ తేడాను సరిచేసే డ్రాప్ రిసీవర్ వేయించండి. ఎక్కువ తేడా ఉంటే గట్టి బ్రేకులో కారు హిచ్ కిందికి దూరబోతుంది లేదా పైకి ఎక్కబోతుంది.

ఇక ఘాట్ రోడ్డు. మీ దారిలో మూడున్నాయి. ఐ-25 మీద రేటన్ కనుమ 7,834 అడుగుల ఎత్తు, అది ఫర్వాలేదు. ఆ తర్వాత యూఎస్-160 మీద లా వెటా కనుమ 9,400 అడుగుల పైన ఉంటుంది. అలమోసా దాటాక యూఎస్-160 మీద వచ్చే వుల్ఫ్ క్రీక్ కనుమ వేరే లెక్క. శిఖరం 10,800 అడుగుల పైన ఉంటుంది, పగోసా స్ప్రింగ్స్ వైపు దిగేటప్పుడు వాలు 6.8 శాతం దాకా ఉంటుంది. బ్రేకులు పోయిన లారీలు దూరి ఆగడానికి కంకర రాంపులు కట్టారంటేనే అర్థం చేసుకోవచ్చు. ఆ వాలులో జీప్ ఒక్కటే ఎడతెగకుండా 300 పౌండ్ల బలంతో వెనక నుంచి తోస్తుంది. ప్రతి వెయ్యి అడుగుల దిగుడుకీ ఆ జీప్ బరువు నుంచి పుట్టే వేడి 18 లీటర్ల చల్లటి నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. గాలి, టైర్లు, ఇంజిన్ అందులో కొంత తీసుకోగా మిగిలిందంతా, జీప్‌కి బ్రేకులు లేకపోతే, మోటర్‌హోమ్ డిస్కుల్లోకే చేరాలి. వాటికి సొంత 14,500 పౌండ్ల వేడి ఎలాగూ ఉంది.

ఇక్కడే సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు మరిచిపోయేది ఒకటుంది: బ్రేక్ ఫ్లూయిడ్. అది ఏళ్ల తరబడి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. కాలిపర్‌లో (చక్రం దగ్గర ప్యాడ్లను నొక్కే భాగం) ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది, బండి ఆగదు. పాత ఓనరు ఎప్పుడు మార్చారో రసీదు లేకపోతే, బయల్దేరే ముందు మోటర్‌హోమ్‌కీ జీప్‌కీ రెంటికీ మార్పించేయండి. ఖర్చు తక్కువ, ప్రయోజనం చాలా ఎక్కువ.

ఏ రకం బ్రేక్ పెట్టించుకోవాలన్నది అర్థం కావాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. ఇంజిన్ ఆగి ఉన్న కారులో బ్రేక్ పెడల్ రెండు మూడుసార్లు నొక్కి చూడండి, నాలుగోసారికి గట్టిపడిపోతుంది. పెడల్ బలాన్ని పెంచే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ అయిపోవడమే కారణం. లాక్కెళ్తున్న కారులో ఇంజిన్ ఆగే ఉంటుంది కాబట్టి, అక్కడ పెట్టే పరికరం ఆ గట్టి పెడల్‌ని బలంగా నొక్కాలి, లేదా బూస్టర్‌కి తానే వాక్యూమ్ అందించాలి. మార్కెట్లో దొరికేవి చాలా వరకు ఈ రెంటిలో ఏదో ఒక పద్ధతిలో పనిచేస్తాయి.

మొదటిది పెట్టె రకం. బ్రేక్ బడ్డీ, బ్లూ ఆక్స్ పేట్రియట్, ఆర్‌వీఐ బ్రేక్ లాంటివి. డ్రైవర్ సీటు ముందు నేల మీద పెట్టి, సీటును దానికి ఆనించి, దాని చేతిని పెడల్‌కి బిగిస్తారు. కరెంటు జీప్‌లోని 12 వోల్టుల సాకెట్ నుంచి తీసుకుంటుంది. వేగం తగ్గుతున్న కుదుపును సెన్సర్‌తో పసిగట్టి పెడల్ నొక్కుతుంది. కారు మార్చినా, మోటర్‌హోమ్ మార్చినా పెట్టె మీతోనే వస్తుంది. కష్టమల్లా రోజూ పొద్దున్నే పెట్టడం, సాయంత్రం తీయడం. బిగించే ముందు ప్రతిసారీ పెడల్‌ని పదే పదే తొక్కి వాక్యూమ్ అంతా ఖాళీ చేయాలి. అది మరిచిపోతే మొదటి బ్రేకుకే పెడల్ లోతుగా దిగి జీప్ చక్రాలు బిగుసుకుపోతాయి, టైర్లు రోడ్డు మీద అరిగిపోతాయి. సీటు వదులుగా ఉంటే పెట్టె పెడల్‌ని నొక్కే బదులు తానే వెనక్కి జరుగుతుంది. కింద మందపాటి మ్యాట్ ఉన్నా అదే గతి, మ్యాట్ తీసేయండి.

రెండోది శాశ్వతంగా బిగించేది. మీ బండికి హైడ్రాలిక్ బ్రేకులు కాబట్టి డెమ్‌కో స్టే-ఇన్-ప్లే డుయో, రోడ్‌మాస్టర్ ఇన్విజిబ్రేక్ లాంటివి పనికొస్తాయి. షాపులో ఎవరైనా ఎయిర్ ఫోర్స్ వన్ అంటే వద్దనండి, అది ఎయిర్ బ్రేకులున్న పెద్ద డీజిల్ బండ్లకు. ఇన్విజిబ్రేక్ మోటర్‌హోమ్ బ్రేక్ లైటు సంకేతంతో మొదలై కేబుల్‌తో పెడల్‌ని లాగుతుంది. స్టే-ఇన్-ప్లే డుయో బ్రేక్ లైటు సంకేతం వచ్చి, వేగం కూడా నిజంగా తగ్గుతుంటేనే పనిచేస్తుంది. జీప్ బూస్టర్‌కి వాక్యూమ్ తనే ఇస్తుంది. టో బార్‌లోనే సర్జ్ బ్రేక్ (వెనక కారు తోసే బలంతోనే పడే బ్రేక్) ఉండే రెడీ బ్రూట్ లాంటివీ ఉన్నాయి, కానీ మీరు టో బార్ ఇప్పటికే కొనేశారు కాబట్టి అది వదిలేద్దాం.

మీకు మా సలహా రెండో రకం, అందులోనూ బ్రేక్ లైటు, వేగం తగ్గడం రెండూ చూసుకునేది. పిల్లలతో రోజుకో క్యాంప్‌గ్రౌండ్ మారే ప్రయాణంలో పెట్టె బిగించడం ఏదో ఒక పొద్దున తొందరలో తేడా కొడుతుంది. బిగించి ఉన్నదైతే కరెంటు తీగ, సేఫ్టీ కేబుళ్లు, బ్రేక్‌అవే కేబుల్ (కారు తెగిపోతే దాని బ్రేకులు వేయించేది) తగిలిస్తే సరిపోతుంది. ఏ రకమైనా, బిగింపు కూలీ కలిపి వెయ్యి డాలర్ల పైమాటే. మీకు చెప్పిన ధర అన్యాయమేమీ కాకపోవచ్చు. కానీ ఆ ధరలో బ్రేక్‌అవే స్విచ్, మోటర్‌హోమ్ డ్యాష్‌బోర్డు మీద పెట్టే మానిటర్ లైటు, జీప్ బ్యాటరీకి ఛార్జ్ లైన్ మూడూ ఉన్నాయా అని అడిగి రాయించుకోండి. (ఇది చదివే ఇతరులకు ఒక మాట: మీ కారు హైబ్రిడ్ అయినా, రాంగ్లర్ 4ఎక్స్‌ఈ అయినా, ఎలక్ట్రానిక్ బూస్టర్ వల్ల ఇంజిన్ ఆగినా పెడల్ మెత్తగానే ఉండొచ్చు. మామూలు సెట్టింగుతో పెట్టె రకం బిగిస్తే బ్రేకులు అతిగా పడతాయి. తయారీదారు మీ మోడల్‌కి ఒప్పుకున్న సెట్టింగో కిట్టో ఉంటేనే వాడండి.)

ఆ మూడూ ఎందుకో చెప్పాలి. బ్రేక్‌అవే స్విచ్ నుంచి వచ్చే సన్న కేబుల్‌ని మోటర్‌హోమ్ ఫ్రేమ్‌కి గానీ హిచ్ రిసీవర్‌కి గానీ తగిలించాలి. టో బార్‌కీ, పిన్ తీస్తే ఊడి వచ్చే డ్రాప్ రిసీవర్‌కీ కాదు. అవి ఊడితే కేబుల్ కూడా వాటితోనే పోతుంది, స్విచ్‌లోని పిన్ లాగబడదు. బాగా వంపు తిరిగినా బిగుసుకోనంత వదులు ఉండాలి, నేలకు రాసుకునేంత వదులు ఉండకూడదు. బండి నిలబెట్టి, ఆ స్విచ్ పిన్‌ని చేత్తో లాగి చూడండి. జీప్‌లో పెడల్ కిందికి దిగి, గట్టిగా నొక్కుకుని ఉండాలి. దిగకపోతే ముందు జీప్ బ్యాటరీ చూడండి, ఎక్కువగా దోషం అక్కడే ఉంటుంది. ఇంజిన్ ఆగి ఉన్న కారులో ఈ పరికరం రోజంతా కరెంటు తాగుతుంటే సాయంత్రానికి బ్యాటరీ డౌన్ అవుతుంది. బ్యాటరీ పోయిందంటే బ్రేకు లేదు, తెగినప్పుడు ఆపే బ్రేక్‌అవే కూడా లేదు. అందుకే మోటర్‌హోమ్ నుంచి ఫ్యూజుతో ఛార్జ్ లైన్.

మానిటర్ లైటు దీనికి ఎదురు ప్రమాదం కోసం. బ్రేకు పడకపోవడం ఒక సమస్య అయితే, వదలకపోవడం ఇంకోటి. జీప్ బ్రేకులు కొద్దిగా పట్టుకుని ఉన్నా మోటర్‌హోమ్ నడిపేవాళ్లకు ఏమీ తెలియదు, ఇంజిన్ లాగేస్తుంది. ఇరవై ముప్పై మైళ్లకు ప్యాడ్లు కాలి వాసన వస్తుంది, ముదిరితే చక్రం దగ్గర మంటలు లేస్తాయి. మీ కాలు బ్రేక్ మీద లేకుండా ఆ లైటు వెలిగితే, అది గతుకుకు వెలిగిందిలే అని సరిపెట్టుకోకండి. సురక్షితమైన చోట పక్కకు ఆపి చూడండి, సెన్సిటివిటీ తగ్గించండి.

లైట్ల విషయంలో రాంగ్లర్ లాంటి అమెరికా మోడళ్లలో ఇంకో చిక్కుంది. బ్రేకుకీ ఇండికేటర్‌కీ ఒకే ఎర్ర బల్బు పనిచేస్తుంది. పరికరం పెడల్ నొక్కగానే జీప్ సొంత బ్రేక్ స్విచ్ వెలిగించే లైటు, మోటర్‌హోమ్ పంపే ఇండికేటర్ మెరుపును మింగేయవచ్చు. మీరు కుడికి తిరగబోతున్నారని వెనకవాళ్లకు తెలియదు. లాగేటప్పుడు జీప్ బ్రేక్ స్విచ్ సంకేతాన్ని ఆపే రిలే కిట్ దొరుకుతుంది, టెయిల్ లైట్ల వైరింగ్ డయోడ్లతో చేసినవాళ్లే దీన్నీ వేస్తారు. బిగించాక ఒకరు బ్రేక్ తొక్కి ఇండికేటర్ వేస్తే, ఇంకొకరు వెనక నిలబడి చూడాలి.

సెట్టింగు ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలంలో, ఒత్తిడి అతి తక్కువ అంకె దగ్గర పెట్టి, 25 మైళ్ల వేగంలో గట్టిగా బ్రేక్ వేయండి. ఒకరు దూరంగా పక్కన నిలబడి జీప్ టైర్లు చూడాలి. చక్రాలు తిరుగుతూ నెమ్మదించాలి, బిగుసుకుని జారకూడదు. ఒక్కో మెట్టు పెంచుతూ మళ్లీ చేయండి. జారడం మొదలైన చోటి నుంచి ఒక మెట్టు వెనక్కి తగ్గితే అదే మీ సెట్టింగు. సీట్లో మీకు తెలియాల్సింది ఇదే: జీప్ వెనక నుంచి తోసినట్టూ ఉండకూడదు, వెనక్కి గుంజినట్టూ ఉండకూడదు.

బయల్దేరేటప్పుడు జీప్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే భాగం) న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ గేర్ పార్క్‌లో ఉండాలి. రెండూ తిరగేస్తే గేర్‌బాక్స్ పాడవుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో వేశాక, ఇంజిన్ ఆపకముందే డ్రైవ్‌లో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి వేసి కారు కదలడం లేదని చూసుకోండి. ఓనర్ మాన్యువల్‌లోని వరుస తప్పకుండా పాటించండి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దింపండి, మరిచిపోతే వెనక బ్రేకులు కాలిపోతాయి. ఇలా కట్టిన కారుతో రివర్స్ చేయకండి. ముందు చక్రాలు పక్కకు మెలి తిరిగి టో బార్ వంగుతుంది. ఇరుక్కుంటే విప్పి, విడిగా తీయాల్సిందే.

దారిలో ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద ఒకసారి తూకం వేయించండి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, జీప్ మూడూ విడివిడిగా వస్తాయి. హిచ్ రిసీవర్ మీద స్టిక్కర్ 5,000 పౌండ్లని ఉంటే జీప్‌తో మీరు లోపలే ఉంటారు. ఎవరైనా దాన్ని బ్రేకులున్న కార్ ట్రైలర్ ఎక్కించి లాగమంటే మాత్రం కుదరదు, ట్రైలరే రెండు వేల పౌండ్ల పైన తూగుతుంది, రెండూ కలిసి ఆ హద్దు దాటేస్తాయి.

వుల్ఫ్ క్రీక్ దిగేటప్పుడు, శిఖరం దగ్గరే వేగం తగ్గించి, గేరు లివర్ చివర ఉన్న టో/హాల్ బటన్ నొక్కి, కింది గేరులో మొదలుపెట్టండి. బండిని ప్రధానంగా ఇంజినే పట్టుకోవాలి. బ్రేకు మీద కాలు అలాగే ఆనించి ఉంచకండి. వేగం 40 దాటగానే గట్టిగా వేసి 30కి తెచ్చి పూర్తిగా వదిలేయండి, మళ్లీ పెరిగాక మళ్లీ. వేసి వదిలినప్పుడు జీప్ బ్రేకులు కూడా పడి, వదులుతాయి, మధ్యలో చల్లారుతాయి. కిందికి దిగాక ఆగి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో జీప్ నాలుగు చక్రాల హబ్‌లూ చూడండి. ముందువి రెండూ, వెనకవి రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఒక్కటి మాత్రమే బాగా ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ పట్టుకుని ఉందని అర్థం. చేత్తో మాత్రం ముట్టుకోకండి.

ఒకవేళ ప్రయాణం రోజుకు బిగింపు పూర్తికాకపోతే, జీప్‌ను వెనక కట్టకండి. పెద్దవాళ్లలో ఒకరు దాన్ని విడిగా నడుపుకుంటూ మోటర్‌హోమ్ వెంట రండి.